ముందు కంచం, తర్వాత మంచం: సెయింట్ లూసియాలో జంటగా ఐదు రాత్రులు

పెళ్లిరోజుకి కరేబియన్ వెళ్దామనుకున్న ఏ జంటైనా మొదట చేసే పని గదుల ఫొటోలు చూడటం. నీలం నీళ్లు, వరండాలో చిన్న కొలను, మంచం మీద పూరేకులు. మేమూ అంతే చేశాం. సెయింట్ లూసియాకి ఉత్తరాన, బీచ్ పక్కనే మంచి గది దొరికిందని మురిసిపోయి డబ్బు కట్టేశాం. పెళ్లిరోజు డిన్నరేమో నైరుతి మూల, కొండ మీద. మ్యాప్‌లో చూస్తే రెంటికీ మధ్య జానెడు దూరం. తీరా వెళ్తే గంటన్నర కొండదారి, అన్నీ పాము మెలికలు. పోయేటప్పుడు వెలుతురుంది కాబట్టి కబుర్లు చెప్పుకుంటూ పోయాం. తిరిగొచ్చేటప్పుడు చీకటి, వాన, కడుపు నిండా విందు. మా ఆయన రెండుసార్లు ట్యాక్సీ ఆపించి రోడ్డు పక్కన కూలబడ్డారు. ఆ రాత్రి మా ముచ్చటంతా నేను ఆయన వీపు నిమరడంతోనే తెల్లారింది.

రెండోసారి వెళ్లినప్పుడు లెక్క తిప్పేశాం. రాత్రి ఎక్కడ తింటామో ముందు తేల్చుకుని, దానికి నడక దూరంలోనో, పది నిమిషాల దూరంలోనో పడక చూసుకున్నాం. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

కాగితాలు చూసుకోవడం

ఇది ప్రేమ కబురు కాదు గానీ, దీన్ని వదిలేస్తే మిగతావన్నీ వృథా. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఒకసారి చూసుకోండి. స్టాంపు అయిపోయినా కెనడాకో మెక్సికోకో 30 రోజుల్లోపు వెళ్లి, ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చూపించి వెనక్కి రావచ్చని మనవాళ్లందరికీ తెలుసు. కరేబియన్ దీవులకు ఆ వెసులుబాటు చదువు (ఎఫ్1), ఎక్స్ఛేంజ్ (జే1) వీసాల వాళ్లకే, అదీ క్యూబా తప్ప. హెచ్1బీకి లేదు. స్టాంపు గడువు దాటిపోయి ఉంటే ఈ దీవిని మరో ఏడాదికి వాయిదా వేసి, ప్యూర్టో రికోకో, అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ జాన్‌కో వెళ్లండి. అవి అమెరికా గడ్డే. అక్కడికైనా పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం) సంచిలో ఉండాలి. సెయింట్ లూసియాలో దిగడానికి భారత పాస్‌పోర్టుకి ఏం కావాలో టికెట్లు కొనకముందే ఆ దేశం అధికారిక సైట్‌లో చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని బయల్దేరకండి.

ఇంకో చిన్న సంగతి. మిలిటరీ రంగుల డిజైన్ ఉన్న బట్టలు అక్కడ మామూలు జనం వేసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆ నిక్కరు ఇంట్లోనే వదిలేయండి.

నెల, పొద్దు కుదుర్చుకోవడం

డిసెంబర్ నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా వాతావరణం బాగుంటుంది, ధరలు మండిపోతాయి. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అందులో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అసలు భయం. నన్నడిగితే ఏప్రిల్ ఆఖరు, మే నెల. ఎండ ఉంటుంది, గదుల రేట్లు దిగుతాయి, పెద్ద వానలు ఇంకా మొదలుకావు. లాబ్‌స్టర్ కోసమే వెళ్తామనే వాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. మార్చి నుంచి జులై దాకా అక్కడ లాబ్‌స్టర్ పట్టడం నిషేధం.

పొద్దు సంగతి చాలామంది మర్చిపోతారు. ఈ దీవి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది, అంటే మన తిరుపతి, నెల్లూరు వరస. అమెరికాలో వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు చూసి అలవాటైన వాళ్లు ఏడున్నరకి టేబుల్ చెప్పేస్తారు. ఇక్కడ డిసెంబర్‌లో ఆరుకి ముందే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర ప్రాంతంలో. ఆ తర్వాత అరగంటలో కన్ను పొడుచుకున్నా కనిపించదు. కొండలూ సముద్రమూ చూడటానికని డబ్బు కట్టి, నల్లటి గోడ లాంటి చీకటి ముందు కూర్చుని తిన్న జంటలను చూశాను. టేబుల్ ఏడుకే దొరికినా, పొద్దు గుంకడానికి గంట ముందే వెళ్లి బార్‌లో ఏదైనా తాగుతూ కూర్చోండి.

దీవిని రెండు ముక్కలు చేయడం

పొడవు 27 మైళ్లు, వెడల్పు 14 మైళ్లు. వినడానికి చిన్నదే. కానీ మధ్యంతా కొండలు, అడవి. విదేశీ విమానాలు ఎక్కువగా దిగేది దక్షిణం కొసన, వ్యూ ఫోర్ ఊరి దగ్గరి హెవనోరా విమానాశ్రయంలో. అక్కణ్ణుంచి సూఫ్రియేర్‌కి ముప్పావుగంట నుంచి గంట, ఉత్తరాన రోడ్నీ బేకి గంటన్నర. రాజధాని క్యాస్ట్రీస్ పక్కన ఇంకో చిన్న విమానాశ్రయం ఉంది, అది చుట్టుపక్కల దీవుల విమానాలకు.

సూఫ్రియేర్ అంటే జంటల ఫొటోల్లో కనిపించే ఆ రెండు కోసు కొండల ఊరు. గ్రో పితోన్ 2,619 అడుగులు, పెటీ పితోన్ 2,438 అడుగులు. రెండూ సముద్రంలోంచి నిటారుగా లేచి నిలబడతాయి. 2004లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉత్తరం వేరే లోకం. పొడవాటి ఇసుక తీరాలు, రెస్టారెంట్లు, జనం, పాటలు.

ఐదు రాత్రులుంటే రెండు ఉత్తరాన, మూడు సూఫ్రియేర్‌లో గడపండి. ఆ వరసలోనే. గురువారం దిగండి, శుక్రవారం రాత్రి ఉత్తరాన ఉండాలి, ఎందుకో తర్వాత చెప్తాను. శనివారం సామానుతో సహా పడవ ఎక్కి పడమటి తీరం వెంబడి సూఫ్రియేర్‌కి రండి. వాటర్ ట్యాక్సీ అంటారు, హోటల్ వాళ్లే మాట్లాడి పెడతారు. రోడ్డు మీద పోయే దానికంటే ఖర్చు ఎక్కువే. కానీ మలుపు తిరగగానే ఆ రెండు కొండలూ ఒకదాని వెనక నుంచి ఒకటి బయటికొస్తాయి చూడండి, మా ఆయన అప్పుడే మొదటిసారి ఫోన్ జేబులో పెట్టేశారు. చివరి మూడు రాత్రులు అక్కడే కాబట్టి వెళ్లే రోజు విమానాశ్రయం దగ్గరపడుతుంది.

కంచం

సూఫ్రియేర్ వైపు నాలుగు చోట్లు చూసుకోండి.

మొదటిది లాడేరా హోటల్లోని డాషీన్. సముద్రానికి 1000 అడుగుల పైన, కొండ గట్టు మీద ఉంటుంది. కూర్చుంటే రెండు కొండల మధ్యలో సముద్రం. డాషీన్ అంటే చేమదుంప. ఇంత ఖరీదైన చోటికి చేమదుంప పేరు పెట్టుకున్నారని తెలిశాక నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది. బయటివాళ్లు కూడా టేబుల్ చెప్పుకుని వెళ్లొచ్చు. ఒక్క డిన్నరే చేయగలం అనుకుంటే ఇక్కడే చేయండి.

రెండోది రాబో ఎస్టేట్. 1745 నాటి కోకో తోట, ఇప్పుడు హోటల్ చాకొలా అనే బ్రిటిష్ చాక్లెట్ కంపెనీది. ఇక్కడ వంటల్లో ఎక్కడో ఒకచోట కోకో తగులుతుంది, కూరలో, సలాడ్‌లో కూడా. చాక్లెట్ అనగానే తీపి అనుకోకండి. వేయించిన కోకో గింజ చిరుచేదుగా ఉంటుంది, మాంసానికీ దుంపలకీ బాగా పడుతుంది. ఇక్కడ రాత్రి కంటే మధ్యాహ్నం భోజనం మేలు. తోట చూపిస్తారు, గింజలు నూరి చాక్లెట్ చేయనిస్తారు. ఇద్దరూ ఒకే రోట్లో నూరడం క్యాండిల్ లైట్ డిన్నర్ కంటే సరదాగా ఉంటుంది.

మూడోది ఆన్స్ షాస్టనే హోటల్, దాని పైన కొండ మీద జేడ్ మౌంటెన్. ఆన్స్ అంటే చిన్న సముద్రపు వంపు. కింద బీచ్‌లో ఇసుక బూడిద రంగు, అగ్నిపర్వతపు నేల మరి. పైన జేడ్ మౌంటెన్‌లో బస చేయకుండా తినడానికి మాత్రమే వెళ్లాలంటే చాలా ముందుగా అడగాలి. నాలుగోది షుగర్ బీచ్ హోటల్, రెండు కొండల నడుమ లోయలో. అక్కడి తెల్లటి ఇసుక బయట నుంచి తెచ్చి పోసిందే. దీవిలోని బీచ్‌లన్నీ అందరివీ కాబట్టి గది తీసుకోకపోయినా వెళ్లి సముద్రంలో దిగొచ్చు. కుర్చీకీ గొడుక్కీ మాత్రం డబ్బులు.

ఉత్తరాన క్యాప్ మేజాన్ హోటల్ వాళ్ల క్లిఫ్ రెస్టారెంటు బాగుంటుంది. కింద సముద్రం అంచున రాళ్ల మీద ఒక చెక్క అరుగు ఉంది, ఇద్దరికే టేబుల్ వేయిస్తారు. షాంపేన్ సీసా పై నుంచి తీగ మీద జారుకుంటూ వస్తుంది. కాస్త సినిమా ఫక్కీయే. అయినా పెళ్లిరోజుకి ఆ మాత్రం సినిమా ఉండొచ్చు.

ఇక శుక్రవారం రాత్రి. గ్రోస్ ఐలెట్ అని రాస్తారు, గ్రో జిలే అంటారు. ఆ ఊళ్లో ప్రతి శుక్రవారం వీధుల్లో పొయ్యిలు పెట్టి చేపలు, కోడి కాలుస్తారు. పెద్ద పెద్ద స్పీకర్లు, వీధంతా డ్యాన్సు. మన జాతరకి రమ్ము తోడైతే ఎలా ఉంటుందో అలా. ఇంకొంచెం నెమ్మదిగా కావాలంటే అదే రాత్రి ఆన్స్ లా రే అనే జాలరి పల్లెలో సముద్రపు వంటల సంత ఉంటుంది. మూడు పెద్ద డిన్నర్లకి పెట్టిన డబ్బులో పదో వంతు కూడా ఖర్చు కాదు. మా ఇద్దరికీ ఇప్పటికీ గుర్తున్నది ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని ఒకే అట్ట ప్లేట్‌లో తిన్న ఆ చేపే. నగలు గదిలో పెట్టి, తిరుగు ట్యాక్సీ ముందే మాట్లాడుకుని వెళ్లండి. మా ట్యాక్సీ ఆయన మేం ఇండియా అనగానే 2024 జూన్ 24న ఇదే ఊరి స్టేడియంలో ఆస్ట్రేలియా మీద రోహిత్ 41 బంతుల్లో 92 కొట్టిన సంగతి ఎత్తుకున్నాడు. దారంతా మా ఆయన ముందు సీట్లోకి వంగి అతనితోనే మాట్లాడారు. ప్రేమయాత్రలో ఇలాంటివి కూడా భరించాలి.

శాకాహారులు ఏం చేయాలి

మెనూ చదివేటప్పుడు పేర్లు మోసం చేస్తాయి. గ్రీన్ ఫిగ్ అంటే అత్తిపండు కాదు, పచ్చి అరటికాయ. అయితే దాన్ని దేశీయ వంటకంగా చేసేది ఉప్పు చేపతో. ఆక్రా చూడటానికి అచ్చం మన పునుగులా ఉంటుంది, లోపల ఉప్పు చేప. కలలూ సూప్ చేమ ఆకుతో చేస్తారు, కానీ తరచు పీతో, ఉప్పు పంది మాంసమో పడుతుంది. డాల్ఫిన్ అని రాసి ఉంటే హడలిపోకండి, అది మాహీమాహీ చేప. లాంబీ అంటే శంఖంలోని మాంసం.

ధైర్యంగా తినగలిగినవీ చాలానే ఉన్నాయి. నిప్పుల మీద కాల్చిన సీమపనస, పెండలం, చేమదుంప, అరటి. వీటన్నిటినీ కలిపి ప్రొవిజన్స్ అంటారు. బేక్స్ అంటే నూనెలో వేయించిన రొట్టె, పూరీకి పెద్దన్న. రోటీ ఉంటుంది, మడిచిన చపాతీలో శనగలు, బంగాళాదుంప కూర. 1859 నుంచి కూలి పనికి ఓడల్లో వచ్చిన మనవాళ్లతో దిగిన వంట అది. పసుపు వాసన తగలగానే ప్రాణం లేచొస్తుంది. రాస్తాఫారీ మతస్థులు వండే ఐటల్ భోజనంలో మాంసం ఉండదు, కొబ్బరిపాలు దండిగా ఉంటాయి, ఉప్పు మాత్రం ఉండీ లేనట్టే. పక్కనే స్కాచ్ బానెట్ మిరప సాస్ పెడతారు. గుంటూరు కారం తిన్న ధైర్యంతో గరిటెడు వేసుకోకండి, ముందు చుక్క వేసి చూడండి.

డిసెంబర్‌లో వెళ్తే సోరెల్ అనే ఎర్రటి పానీయం ఇస్తారు. అది గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్ర రెక్కలను అల్లం, లవంగాలతో మరగబెట్టింది. గోంగూరని గ్లాసులో పోసుకుని తాగినట్టే.

వెజిటేరియన్ అని రాస్తే కొందరు వంటవాళ్లు చేపని మినహాయించరు. అందుకే మెయిల్‌లో విడమరిచి రాయండి: మాంసం, చేప, రొయ్యలు, వాటి నీళ్లతో చేసిన సూప్ వద్దు, గుడ్డు తింటాం లేదా తినం. ఖరీదైన హోటళ్లలో రెండు రోజుల ముందు చెప్తే వంటవాళ్లు సరదాగా ఏదో ఒకటి కొత్తగా చేసి పెడతారు. అక్కడికెళ్లి కూర్చున్నాక చెప్తే పాస్తా వస్తుంది.

మంచం

ఇప్పుడు గది. సూఫ్రియేర్ హోటళ్ల గొప్ప నాలుగో గోడ లేకపోవడం. లాడేరాలోనూ, జేడ్ మౌంటెన్‌లోనూ పడమటి వైపు గోడే ఉండదు. మంచం మీంచి కొండలు కనిపిస్తాయి. జేడ్ మౌంటెన్‌లో చాలా గదులకు సొంత కొలను గదిలోపలే ఉంటుంది, టీవీ ఉండదు, రాత్రికి 1000 డాలర్లు దాటిపోతుంది. అంత పెట్టగలిగిన వాళ్లు కూడా డబ్బు కట్టేముందు ఇవి అడగండి: ఏసీ ఉందా, దోమతెర ఉందా, బీచ్‌కి ఎన్ని మెట్లు, బండి దించుతుందా. గోడ లేదంటే ఏసీ ఉండదు. చిన్న చిన్న కప్పలు రాత్రంతా ఈల వేస్తాయి. కొందరికి అది జోలపాట, మా ఆయనకి అలారం. ఉదయం పిట్టలొచ్చి టేబుల్ మీది చక్కెర పొట్లాలు ఎత్తుకుపోతాయి. ఓడోమాస్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, దీవిలో డెంగీ ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల సంగతి మొహమాటపడకుండా అడగాలి. అక్కడంతా కొండ వాలే.

మూడు రాత్రులూ ఖరీదైన గది అక్కర్లేదు. రెండు రాత్రులు తోటల మధ్య కాటేజీలో ఉండి, ఆఖరి రాత్రి ఒక్కటి గోడ లేని గదిలో ఉండొచ్చు. ఫోన్ డూ లాంటి కోకో తోటల్లో కాటేజీలు దొరుకుతాయి. మొదటి రోజే స్వర్గం చూపిస్తే మిగతా రోజులు చిన్నబోతాయి.

ఉత్తరాన ఆల్ ఇన్‌క్లూజివ్, అంటే తిండీ తాగుడూ గది ధరలోనే కలిసిన హోటళ్లు ఎక్కువ. శాండల్స్ అనే కంపెనీకి దీవిలో మూడున్నాయి, జంటలకు మాత్రమే, ఒకదానిలో ఉంటే మిగతా రెండింట్లోనూ తినొచ్చు. తాగని, మాంసం తినని జంటకి ఆ ప్యాకేజీ దండగ. పక్కవాళ్ల కాక్‌టెయిళ్లకి మీరు డబ్బు కట్టినట్టే. సూఫ్రియేర్‌లో మాత్రం ఉదయం ఫలహారం, రాత్రి భోజనం కలిసిన ప్లాన్ ఉందేమో చూడండి. చీకటి పడ్డాక అక్కడ బయటికెళ్లడం తక్కువే.

టేబుల్ చెప్పుకోవడం

గది ఖాయం కాగానే, అంటే నెల ముందే, మెయిల్ రాయండి. తేదీ, ఇద్దరికే, పొద్దు గుంకే గంటకి రెయిలింగ్ పక్క టేబుల్, పెళ్లిరోజో హనీమూనో ఏదైతే అది, తిండి నియమాలు. రెయిలింగ్ పక్కన అని రాయకపోతే లోపలి వరసలో వేస్తారు, కొండలకు బదులు ఎదురు టేబుల్ ఆయన బట్టతల కనిపిస్తుంది. మగవాళ్లకి పొడుగు ప్యాంటు, కాలరున్న చొక్కా అడిగే చోట్లున్నాయి. చీర కట్టుకోవచ్చు, ముచ్చటగా చూస్తారు. కాకపోతే గాలి ఎక్కువ, పిన్నులు దండిగా పెట్టుకోండి.

డబ్బులు

అక్కడి డబ్బు ఈస్ట్ కరేబియన్ డాలర్. ఒక అమెరికన్ డాలరుకి 2.70, దశాబ్దాలుగా అదే రేటు. రెండింటికీ డాలర్ గుర్తే వాడతారు కాబట్టి ట్యాక్సీ ఎక్కేముందు ఏ డాలరో అడిగి తీరాలి. గది ధర మీద పన్ను, మనిషికి రాత్రికింతని టూరిజం రుసుము, సాధారణంగా 10 శాతం సర్వీస్ చార్జీ పడతాయి. బిల్లులో సర్వీస్ చార్జీ ఉంటే మళ్లీ 20 శాతం టిప్పు పెట్టే అమెరికా అలవాటు మానుకోండి. బాగా చూసుకున్న మనిషి చేతిలో విడిగా కొంత పెట్టండి చాలు. కరెంటు 240 వోల్టులు, ప్లగ్గు ఇంగ్లండ్ వాళ్ల మూడు చదరపు పిన్నుల రకం. అమెరికాలో కొన్న జుట్టు సవరించే మిషన్ పెడితే డిన్నర్‌కి ముందే పొగ లేస్తుంది. కారు అద్దెకి తీసుకోవచ్చు, ఎడమ పక్కన నడపాలి, మనకి కొత్తేమీ కాదు. కానీ రమ్ పంచ్ తాగాక ఆ మలుపుల మీద వద్దు.

డిన్నర్ రోజు పగలు

గ్రో పితోన్ ఎక్కాలనుకుంటే గైడుతో వెళ్లాలి, రానూపోనూ నాలుగు గంటల పని. అది డిన్నర్ రోజు పెట్టుకుంటే సూప్ దగ్గరే నిద్రపోతారు. సల్ఫర్ స్ప్రింగ్స్ బురద స్నానం కూడా ఇంకో రోజుకి జరపండి. అగ్నిపర్వతం పక్కనే వేడినీళ్లు, ఒంటికి బూడిదరంగు బురద పూసుకోవడం, ఒకరికొకరు వీపు మీద పూయడం, అంతా బాగుంటుంది. కానీ కుళ్లిన గుడ్డు వాసన జుట్టుని పట్టుకుని ఒక పూట వదలదు. వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు గదిలో తీసిపెట్టి వెళ్లండి. నేను తీయలేదు. ఫొటోల్లో నా కాళ్లు కంసాలి దగ్గరికి బయల్దేరినట్టున్నాయి. పాత, ముదురు రంగు స్విమ్ సూట్ అయితే మంచిది.

వెళ్లే రోజు ఉదయం టిఫిన్ దగ్గర కాఫీ కాకుండా కోకో టీ అడగండి. దాల్చినచెక్క, జాజికాయ, బిర్యానీ ఆకు లాంటి ఆకు వేసి మరగబెట్టిన చిక్కటి కోకో. క్యాస్ట్రీస్ మార్కెట్‌లో, సూఫ్రియేర్ వీధి కొట్లలో కోకో కడ్డీలు అమ్ముతారు, నాలుగు తెచ్చుకోండి, కస్టమ్స్ ఫారంలో రాయండి. ఇంటికొచ్చాక ఒక కడ్డీలో సగం తురిమి, గ్లాసున్నర నీళ్లలో దాల్చినచెక్కతో పావుగంట మరిగించి, పాలు, బెల్లం కలపండి. పైన నూనె తేలుతుంది, అది కోకో వెన్న, తీసి పారేయకండి. రెండు కప్పులకి సరిపోతుంది.